గోడకు డబ్బు దొరుకుతుంది, గొంతుకు దొరకదు

(ముంబైలో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగం. చివర్లో సభికుల ప్రశ్నలు, ఆయన జవాబులు కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం.

ఈ నెల విషయం "ఒక చిన్న ట్రస్టు, ఒక పాత సినగాగ్" అని కార్యదర్శిగారు వాట్సాప్‌లో పెట్టగానే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు, యూదుల ప్రార్థనా మందిరం సంగతి మనకెందుకండీ అని. మనకెందుకో మాట్లాడుతుంటే అదే తెలుస్తుంది. నేను చరిత్రకారుణ్ణి కాను. ధార్మిక ట్రస్టుల లెక్కలు చూడడం నా వృత్తి. గుళ్లవీ, దర్గాలవీ, చర్చిలవీ, ధర్మశాలలవీ చిట్టాలు చూసీ చూసీ ఒక అలవాటు అబ్బింది. ఏ ప్రార్థనా స్థలానికి వెళ్లినా, దణ్ణం పెట్టేలోపే, దీన్ని నడిపే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అని కళ్లు వెతుకుతాయి. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

కాలా ఘోడాలో పాత రిథమ్ హౌస్ వెనక సందులో ఒక నీలం రంగు భవనం ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు, ముందు పోలీసు కాపలా ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లి ఉండరు. దాని పేరు కెనెసెత్ ఎలియాహూ. 1884లో కట్టారు. కట్టించింది జేకబ్ ఎలియాస్ సాసూన్, తండ్రి ఎలియాస్ జ్ఞాపకార్థం. కింద గదులు, మెట్లెక్కి పైకి వెళితే ప్రార్థన హాలు. బర్మా టేకు, రంగు అద్దాల కిటికీలు, చుట్టూ ఆడవాళ్లు కూర్చునే గ్యాలరీ. యూదుల పవిత్ర గ్రంథం తోరా, దాని చుట్టలు దాచే అర పడమటి గోడకు ఉంటుంది, ఎందుకంటే ఇక్కణ్ణుంచి యెరూషలేము పడమర.

సాసూన్ల పేరు ఈ ఊళ్లో చేపలు కొనేవాళ్లకూ తెలుసు, సాసూన్ డాక్ ఉంది కదా. ఈ కుటుంబానికి మూలపురుషుడు డేవిడ్ సాసూన్ బాగ్దాద్ నుంచి వచ్చి 1830ల మొదట్లో బొంబాయిలో స్థిరపడ్డాడు. అక్కడి పాలకుడి వేధింపులు పడలేక వచ్చినవాడు. పత్తి, నల్లమందు వ్యాపారంలో కోట్లు గడించాడు. నల్లమందు అన్న మాట నొక్కే చెబుతున్నాను. ఆ డబ్బుతో ఆసుపత్రులు, గ్రంథాలయాలు, బడులు వచ్చాయి. పుణేలోని సాసూన్ ఆసుపత్రిలో ఇవాళ్టికీ పేదలు వైద్యం చేయించుకుంటున్నారు. అదే డబ్బు చైనాలో ఎన్ని ఇళ్లు కూల్చిందో కూడా చరిత్రలో ఉంది. దాతల ఫొటోలకు దండలు వేసేటప్పుడు రెండూ గుర్తుండాలని నా అభిప్రాయం. అలా అని మందిరం గోడలకు ఆ పాపం అంటగట్టడమూ సరికాదు.

మనవడు జేకబ్ మిల్లుల వైపు వెళ్లాడు. లాల్‌బాగ్, పరేల్ ప్రాంతంలో జేకబ్ సాసూన్ మిల్లు ఉండేది, తర్వాత అదే ఇండియా యునైటెడ్ మిల్లు నంబర్ వన్ అయింది. ఆ చుట్టుపక్కల మిల్లుల్లో మగ్గాల మీద నిలబడ్డవాళ్లలో కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు ఎందరో. మన సభ్యుల్లోనే ఆ కుటుంబాలవాళ్లు ఉన్నారు. కామాటిపుర అనే పేరే నిజాం రాజ్యం నుంచి కూలిపనికి వచ్చిన తెలుగు కామాటీలది. అక్కణ్ణుంచి బైకలాలో సాసూన్లు 1860లలో కట్టించిన మాగెన్ డేవిడ్ సినగాగ్‌కు నడిచి వెళ్లొచ్చు. మన తాతలకు ఆ గడియారపు గోపురం బాగా తెలిసిందే.

సరే, అసలు సంగతికి వస్తాను.

జేకబ్ సాసూన్ 1916లో పోయాడు. ఆయన తర్వాత అందుకోవడానికి బిడ్డలు లేరు. కానీ ట్రస్టులు మిగిలాయి. ఒక మనిషి పోయాక కూడా అతని ఇష్టం నడవడానికి చట్టం ఇచ్చిన సాధనం ట్రస్టు. సినగాగ్ నడవాలి, పిల్లలకు చదువు చెప్పాలి, పేదలకు సాయం అందాలి అని దస్తావేజులో రాసి, దానికి ఆదాయం వచ్చే ఆస్తి జత చేస్తారు. రాసిననాడు అది నిండు కుండ. ఆ రోజుల్లో యూదులు పెరుగుతున్నారు, బడిలో యూదుల పిల్లలున్నారు, అద్దెలు వస్తున్నాయి. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో యూదులు 26 వేల పైచిలుకు. ఇవాళ ఐదు వేల లోపే, అందులో సగానికి పైగా మహారాష్ట్రలోనే. ఎవరూ తరిమేయలేదు. ఈ గడ్డ మీద వాళ్లను మతం పేరుతో హింసించినవాళ్లలో ముఖ్యులు గోవా, కొచ్చి వైపు పోర్చుగీసువాళ్లు. ఇజ్రాయెల్ ఏర్పడింది, బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయారు, మెల్లగా కుటుంబాలు కదిలాయి.

మరి అద్దెల సంగతి? ముంబైలో ట్రస్టు ఆస్తి అంటే చాలావరకు పాత భవనాలు, అందులో పగడీ కిరాయిదార్లు, అంటే మొదట్లో పెద్ద మొత్తం ఇచ్చి, తర్వాత నామమాత్రపు అద్దెతో తరాలుగా ఉండేవాళ్లు. 1947 నాటి బాంబే రెంట్ చట్టం అద్దెల్ని 1940 నాటి స్థాయిలో బిగించేసింది. 1999లో కొత్త చట్టం వచ్చి ఏడాదికి 4 శాతం పెంచుకోవచ్చంది. అంత చిన్న మొత్తం మీద 4 శాతం పెంచితే ఎంత వస్తుంది? దక్షిణ ముంబై నడిబొడ్డున భవనం ఉండి, దాని మీద వచ్చే అద్దె వాచ్‌మన్ జీతానికి చాలని ట్రస్టులు అన్ని మతాలవాళ్లకూ ఉన్నాయి. బయటివాళ్లకేమో "వాళ్లకేంటండీ, కోట్ల ఆస్తి" అనిపిస్తుంది. అమ్మేద్దామంటే ట్రస్టుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ అధికారి, చారిటీ కమిషనర్, ముందస్తు అనుమతి కావాలి. భవనాన్ని మూడేళ్లకు మించి లీజుకివ్వాలన్నా అంతే. అది ఉండాల్సిన నిబంధనే, లేకపోతే ఈపాటికి సగం ట్రస్టుల ఆస్తులు బిల్డర్ల చేతుల్లో ఉండేవి. కానీ రోజువారీ ఖర్చుకు మాత్రం చిన్న ట్రస్టు చేయి చాపాల్సిందే.

చేయి చాపితే ఏం దొరుకుతుంది? ఇక్కడే నేను చెప్పదలచుకున్న ముక్క ఉంది. మన వ్యవస్థలో పాత భవనం మరమ్మతుకు డబ్బు దొరుకుతుంది. ఆ భవనంలో ప్రార్థన చదవడం ఒక పిల్లాడికి నేర్పడానికి దొరకదు.

కంపెనీల చట్టంలో సీఎస్‌ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు కింద, ఏమేం చేయొచ్చో జాబితా ఉంది. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ అందులో ఉంది. మత బోధన లేదు. ఆదాయపు పన్నులో మనకు అలవాటైన 80జి తీసుకోండి. చారిత్రక ప్రాముఖ్యం ఉందని కేంద్రం నోటిఫై చేసిన గుడికో మసీదుకో చర్చికో మరమ్మతు కోసం విరాళమిస్తే మినహాయింపు ఉంటుంది. కొత్త పన్ను విధానంలోకి వెళ్లినవాళ్లకు అదీ లేదనుకోండి. అదే, ఒక మతంవాళ్ల పిల్లలకే ఉపయోగపడే ట్రస్టుకిస్తే 80జి వర్తించదు. విదేశీ వారసత్వ సంస్థలు కూడా రాయికి, చెక్కకు, అద్దానికి ఇస్తాయి. కెనెసెత్ ఎలియాహూ మరమ్మతు అలాగే జరిగింది. ఆభా నారాయణ్ లాంబా అనే కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో పని చేసి 2019 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. అదే ఏడు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి చోటు దక్కింది. దాతల్లో యూదులు కానివాళ్లూ ఉన్నారు. చక్కటి పని, అందులో సందేహం లేదు.

కానీ ఆ హాల్లో ఏం జరగాలో చూడండి. యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది కావాలి. మిన్యాన్ అంటారు. సంప్రదాయవాదుల లెక్కలో పదమూడేళ్లు నిండిన మగవాళ్లు పదిమంది. ఉదారవాద శాఖల్లో ఆడవాళ్లనూ లెక్కిస్తారు. తొమ్మిదిమంది ఉంటే ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకోవచ్చు, తోరా చుట్ట బయటికి తీసి చదవకూడదు. చనిపోయిన తల్లిదండ్రుల కోసం చెప్పే కద్దీష్ చెప్పకూడదు. అంటే మీ నాన్న తద్దినం నాడు మీరు వెళ్లి, తొమ్మిదిమందే వస్తే, గంట చూసి గంట చూసి చెప్పకుండానే ఇంటికి రావాలి. ఏ దాత చెక్కూ పదో మనిషిని తెచ్చిపెట్టదు.

సరే, పదిమంది వచ్చారు. చదివేదెవరు? తోరా చుట్ట తోలు మీద చేత్తో రాసినది. 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం చెరిగినా, ఒకదానికొకటి అంటుకున్నా, సరిచేసేదాకా దాన్ని సభలో చదవడానికి వాడరు. లేఖకుడు ఒక చుట్ట రాయడానికి దాదాపు ఏడాది పడుతుంది. మన ముంబై వానాకాలపు తేమ సంగతి తెలుసు కదా, తోలుకూ సిరాకూ అది శత్రువు. ఇంతకంటే కష్టం ఇంకోటుంది. ఆ చుట్టలో ఉండేవి హల్లులే. అచ్చుల గుర్తులు లేవు. వాక్యం ఎక్కడ ఆగాలో లేదు. ఏ పదం ఏ రాగంలో పలకాలో లేదు. పోనీ కంఠస్థం చేసి ఒప్పజెబుదామా అంటే అది కుదరదు, చుట్ట చూస్తూనే చదవాలి. చూసేదాంట్లో సగం ఉండదు, ఆ సగం గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. అర్థం మారేలా తప్పు పలికితే వింటున్నవాళ్లు అక్కడే ఆపి సరిదిద్దుతారు. కాబట్టి వినేవాళ్లకూ వచ్చి ఉండాలి. మన వేదపండితులు స్వరం తప్పితే వేలు పైకెత్తి ఆపుతారే, ఆ పద్ధతి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఏడాదికి 54 భాగాలు, వారానికి ఒకటి, కొన్ని వారాల్లో రెండు కలిపి.

ఇది ఎవరు నేర్పుతారు? ఇదే చిన్న ట్రస్టు పద్దులో "మత విద్య" అని ఒక్క లైనుగా ఉండేది. పైన "భవన మరమ్మతులు" అని పెద్ద అంకె, దాని కింద ఎక్కడో ఇది. ఖర్చు తగ్గించాలంటే మొదట కత్తెర పడేది ఈ లైను మీదే. ఎందుకంటే పాఠం ఆగిపోతే వానకు కారదు, మున్సిపాలిటీ నోటీసు రాదు. ఆగిపోయిన సంగతి ఇరవై ఏళ్ల తర్వాత తెలుస్తుంది.

ఈ దేశంలో యూదుల చదువు చరిత్ర చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ అని ఒక సమాజం ఉంది. ఇంటిభాష మరాఠీ. వాళ్ల కథ ప్రకారం అలీబాగ్ దగ్గర నవ్‌గావ్‌లో ఓడ పగిలి, ఏడు జంటలు ఒడ్డుకు చేరాయి. పుస్తకాలన్నీ సముద్రం పాలయ్యాయి. తరాల తరబడి గానుగ ఆడించుకు బతికారు. శనివారం పని చేయరు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు శనివార్ తేలీ అన్నారు. హీబ్రూ మరిచిపోయారు. గుర్తున్నవి కొన్నే: శనివారపు సెలవు, సున్తీ, ఆహార నియమాలు, "ఓ ఇజ్రాయేలూ విను" అనే ఒక్క ప్రార్థన. ఎలియా ప్రవక్త పేరిట అటుకులు, చక్కెర, కొబ్బరి, పండ్లతో మలీదా అనే ప్రసాదం పెట్టుకుంటారు, ఇవాళ్టికీ.

వీళ్లకు మళ్లీ చదువు వచ్చిన దారి చూడండి. బొంబాయిలో మొదటి సినగాగ్ 1796లో కట్టించింది శామ్యూల్ ఎజెకీల్ దివేకర్, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన బెనె ఇజ్రాయెల్. మన మసీదు బందర్ స్టేషన్ పేరు ఆ సినగాగ్ వల్లే వచ్చిందంటారు. భవనమైతే వచ్చింది, చదివేవాళ్లు కావాలి కదా. కొచ్చి నుంచి యూదు పండితులు వచ్చి నేర్పారు. 1829లో జాన్ విల్సన్ అనే స్కాటిష్ మిషనరీ దిగాడు. యూదుల్ని క్రైస్తవులుగా మార్చాలన్న ఆశతో హీబ్రూ నేర్పాడు, మరాఠీలో హీబ్రూ వ్యాకరణం కూడా రాశాడు. ఈ పిల్లలు చక్కగా నేర్చుకున్నారు. నేర్చుకుని మతం మారకుండా, తిన్నగా వెళ్లి తమ గ్రంథమే చదువుకున్నారు! పెద్దయ్యాక వాళ్లే ప్రార్థన పుస్తకాలు మరాఠీలోకి తెచ్చారు. నాకైతే మిషనరీ గారి మీద జాలి కలుగుతుంది, పాపం.

1875లో హయీమ్ శామ్యూల్ కెహిమ్‌కర్, ఆయన సోదరులు కలిసి ఇజ్రాయెలైట్ స్కూల్ పెట్టారు. అందులో హీబ్రూ ఉంది, మరాఠీ ఉంది, ఇంగ్లిష్ ఉంది. తర్వాత కాలంలో దాత పేరు మీద అది సర్ ఎల్లీ కదూరీ స్కూల్ అయింది, మజ్‌గావ్‌లో ఉంది. ఇవాళ అందులో చదివేది దాదాపు అందరూ యూదులు కాని పిల్లలే. బైకలాలో సాసూన్ల బడుల్లో ఎక్కువమంది ముస్లిం పిల్లలు. కోల్‌కతాలో 1881లో మొదలైన జ్యూయిష్ గర్ల్స్ స్కూల్‌లో కూడా అంతే. ఆ ఊళ్లో సినగాగులకు కాపలాదార్లు తరతరాలుగా ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలవాళ్లు. పత్రికలవాళ్లు దీన్ని మతసామరస్యం అని రాస్తారు, నిజమే, నేను కాదనను. కానీ ఆడిటర్‌గా నాకు ఇంకో ప్రశ్న వస్తుంది. దస్తావేజులో "యూదు బాలబాలికల విద్య" అని రాసి ఉంటే ఏం చేయాలి? దానికి చట్టంలో ఒక దారి ఉంది. రాసిన ఉద్దేశం నెరవేరడం అసాధ్యమైతే, దానికి వీలైనంత దగ్గరగా ఉన్న మరో ఉద్దేశానికి వాడమని కోర్టు అనుమతించొచ్చు. బడి మూసి తాళం వేయడం కంటే పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పడం దాత ఇష్టానికి దగ్గరే కదా.

బడి విషయంలో రాజ్యాంగం ఇంకో గీత గీసింది. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు. ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో, మైనరు పిల్లాడైతే తల్లిదండ్రుల అంగీకారం లేకుండా మత పాఠంలో కూర్చోబెట్టకూడదు. నేను దీన్ని పూర్తిగా సమర్థిస్తాను. అందరి పన్ను డబ్బుతో ఒకరి ప్రార్థన నేర్పడం తప్పు. సీఎస్‌ఆర్‌లో మత బోధన లేకపోవడమూ సబబే. అయితే దాని పర్యవసానం సమాజం గ్రహించాలి. గోడకు బయటివాళ్లు ఇస్తారు. గొంతుకు ఇంటివాళ్లే ఇవ్వాలి, ఇంకెవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అందుకే నన్ను సలహా అడిగే ఏ ధార్మిక ట్రస్టుకైనా ఒకటే చెబుతాను. మీ సొంత ఆదాయం, అంటే అద్దె, చందా, హుండీ, ముందు పంతులుకి, పాఠానికి కేటాయించండి. మరమ్మతుకు అప్లికేషన్లు పెట్టుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. సొంత డబ్బంతా సున్నానికీ గ్రానైట్‌కూ పోసి, పాఠశాలకు దాతల కోసం ఎదురుచూస్తారు. గ్రానైట్ మీద పేరు చెక్కించుకోవచ్చు కదా మరి!

ఒక పాత గొడవ కూడా చెప్పాలి. సాసూన్ల వంటి బాగ్దాదీలు ఒకప్పుడు ఈ బెనె ఇజ్రాయెల్‌లను తమతో సమానంగా చూడలేదు. తోరా చదవడానికి పిలవలేదు, పదిమంది లెక్కలో కలుపుకోలేదు. ఇవాళ ముంబైలో బాగ్దాదీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లు కట్టిన సినగాగుల్లో దీపం వెలిగించి ప్రార్థన నిలిపినవాళ్లు ఎక్కువగా బెనె ఇజ్రాయెల్‌లే. కెహిమ్‌కర్ లాంటివాళ్లు బడి పెట్టి పిల్లలకు నేర్పి ఉండకపోతే సాసూన్ల రంగు అద్దాల కింద ఇవాళ టూరిస్టులే తిరిగేవారు.

కొచ్చి వైపు అదే జరిగింది. మట్టాంచేరిలో పరదేశీ సినగాగ్ 1568 నాటిది, నేల మీద చైనా నుంచి తెప్పించిన చేతిపని పలకలు. 1968లో నాలుగు వందల ఏళ్ల పండుగకు ఇందిరాగాంధీ వెళ్లారు, తపాలా బిళ్ల వేశారు. తర్వాత తర్వాత పదిమంది కోసం యూదు టూరిస్టుల్ని పిలిచి నిలబెట్టుకోవాల్సి వచ్చింది. ఆ వీధిలోని పరదేశీ యూదుల్లో చివరి మహిళ 2024లో కన్నుమూశారు. అదే ఊళ్లోని కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కడపు పని యెరూషలేములోని మ్యూజియానికి తరలిపోయింది, గోడలు ఇక్కడే ఉండి 2019 వానలకు కూలాయి. త్రిచూర్ జిల్లా మాళ యూదులు మాత్రం పద్ధతిగా చేశారు. 1955లో ఇజ్రాయెల్ వెళ్తూ సినగాగ్‌నూ శ్మశానాన్నీ పంచాయతీకి రాతపూర్వకంగా అప్పగించారు. సమాజం వెళ్లిపోతే భవనం మ్యూజియం కావడం ఓటమి అని నేను అనను. పరవూరు సినగాగ్‌ను కేరళ ప్రభుత్వం ముజిరిస్ అనే వారసత్వ ప్రాజెక్టులో బాగుచేసి మ్యూజియం చేసింది, చూడదగ్గది. కానీ మనుషులింకా ఉండగానే మ్యూజియంలా నడపడం మాత్రం నాకు నచ్చదు.

మన తెలుగు నేల మీద పాత సినగాగ్ లేదు. కానీ చదువు జరిగింది. ఇరాన్ వైపు నుంచి వచ్చిన సర్మద్ అనే యూదు వంశపు కవి, ఇస్లాం పుచ్చుకుని, తర్వాత ఏ మతంలోనూ ఇమడనివాడు, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో హైదరాబాద్‌లో ఉన్నాడు. శిష్యుడు అభయ్‌చంద్ అనే హిందువు. సర్మద్ దగ్గర నేర్చుకుని అభయ్‌చంద్ తోరా మొదటి అధ్యాయాల్ని పారసీలోకి తెచ్చాడు. 1647లో హైదరాబాద్‌లో సర్మద్‌ను కలిసిన ఒక రచయిత ఆ అనువాదాన్ని తన దబిస్తాన్ అనే గ్రంథంలో చేర్చాడు. మందిరం లేదు, ట్రస్టు లేదు, ఒక గురువు, ఒక శిష్యుడు. ఇక మన కాలంలో గుంటూరు దగ్గర చేబ్రోలు వైపు కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమను చెప్పుకునే చిన్న సమాజం 1991లో సొంత సినగాగ్ పెట్టుకుంది. వాళ్ల మూలాల మీద పండితులు వాదించుకుంటారు, నేను అందులో దూరను. తెలుగు మాట్లాడే రైతుకూలీల పిల్లలు అక్కడ హీబ్రూ అక్షరాలు దిద్దారు. పెంకుటిల్లంత మందిరం, కానీ మొదలుపెట్టింది చదువుతో.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: నేర్చుకున్న పిల్లలు కూడా ఇజ్రాయెల్ వెళ్లిపోతారు కదా. ఇక్కడి ట్రస్టు డబ్బు వృథా కాదా?

వెళ్లేవాళ్లు వెళతారు. మన పిల్లలు డల్లాస్ వెళ్లడం లేదా? దస్తావేజులో "ఇక్కడే ఉండే పిల్లలకు" అని రాసి ఉండదు, "పిల్లలకు" అని ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో నెవాతీమ్ అనే ఊళ్లో కొచ్చి యూదులు తమ పద్ధతిలో సినగాగ్ కట్టుకున్నారు. వాళ్ల ఆడవాళ్లు చేతిరాత నోట్‌బుక్కుల్లో పట్టుకెళ్లిన మలయాళం పాటలు అక్కడ బతికాయి. అది వృథా అంటే నేను ఒప్పుకోను. పైగా ఇక్కడ మిగిలేవాళ్లు నలుగురైనా, ఆ నలుగురిలో చదవగలిగేవాళ్లు ఇద్దరుండాలి.

ప్రశ్న: మా ఊరి రామాలయం ట్రస్టుకు అమెరికాలో ఉన్న మా అన్నయ్య డబ్బు పంపుతానంటున్నాడు. నేరుగా వేయొచ్చా?

మీ అన్నయ్య పాస్‌పోర్టు ఏది?

(సభికుడు: అమెరికాదే. ఓసీఐ కార్డుంది.)

అయితే అది విదేశీ విరాళమే. ఓసీఐ అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు, అది ఉన్నా పౌరసత్వం విదేశీ కాబట్టి విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, వర్తిస్తుంది. ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉంటే 2020 సవరణ తర్వాత డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ట్రస్టు తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. ఆయన భారత పాస్‌పోర్టుతో ఉండి తన సంపాదనలోంచి పంపితే ఈ బాధ లేదు. చిన్న సినగాగ్ ట్రస్టులకు ఇదే పెద్ద టెన్షన్, వాళ్ల బంధువులంతా ఇజ్రాయెల్ పౌరులు. రిజిస్ట్రేషన్ లేకుండా వెయ్యి రూపాయలు తీసుకున్నా ట్రస్టీలు ఇరుక్కుంటారు. ముందు మీ రామాలయం కాగితాలు తీసుకుని నా దగ్గరికి రండి.

ప్రశ్న: మరమ్మతు కోసం నాలుగైదేళ్లు డబ్బు కూడబెట్టుకోవచ్చా? ఏ ఏడు ఆదాయం ఆ ఏడే ఖర్చు పెట్టాలంటారు కదా.

85 శాతం ఆ ఏడాదిలో ఉద్దేశాలకు వాడాలి, 15 శాతం పక్కన పెట్టుకోవచ్చు. అంతకంటే ఎక్కువ కూడబెట్టాలంటే దేనికోసమో తీర్మానం రాసి, గడువులోపు ఫారం దాఖలు చేసి, ఐదేళ్లలో దానికే వాడాలి. "సాధారణ అవసరాలకు" అని రాస్తే చెల్లదు, "పైకప్పు మరమ్మతుకు" అని రాయండి. చిన్న ట్రస్టులు ఫారం మరిచిపోయి పన్ను కట్టడం నేను తరచూ చూస్తుంటాను.

ప్రశ్న: కాలా ఘోడా సినగాగ్ మేమూ చూడొచ్చా?

చూడొచ్చు. ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. 2008 నవంబరు దాడుల్లో కొలాబాలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్ మీద కూడా దాడి జరిగింది కదా, అప్పట్నించి కాపలా గట్టిగా ఉంది, గుర్తింపు కార్డు అడుగుతారు. మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీ లేకపోతే జేబురుమాలు చాలు. శుక్రవారం పొద్దుగూకాక, శనివారం పగలు ప్రార్థన టైమ్, ఫొటోలు తీయకూడదు. పెద్ద గుంపుగా కాకుండా నలుగురైదుగురు చొప్పున వెళ్లండి, పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి.